తోక పోవాల్సిన రోజు

అందరికీ నమస్కారం. వెనక బెంచీల దాకా వినిపిస్తోందా? సరే, మొదలుపెడతాను.

నా చేతిలో ఉన్న ఈ పచ్చటి ముక్క పాడైపోయిన కంప్యూటర్‌లోంచి తీసిన సర్క్యూట్ బోర్డు. చేతికి చేతికి అందించుకుంటూ అందరూ ఒకసారి చూడండి. గాజు నారని ఎపాక్సీ జిగురుతో కలిపి ఒత్తి ఈ పలకని తయారుచేస్తారు, ఆ పనిలో ఉన్నవాళ్లు దీన్ని ఎఫ్ఆర్-4 అంటారు. ఎఫ్ఆర్ అంటే ఫ్లేమ్ రిటార్డెంట్, అంటే మంటని అంటుకోనివ్వనిది అని. ఈ గుణం గాజుకి సంబంధించింది కాదు, జిగురులో కలిసి ఉన్న బ్రోమిన్‌ది. చాలా బోర్డుల్లో ఆ బ్రోమిన్‌ని మోసుకొచ్చే పదార్థం పేరు టెట్రాబ్రోమోబిస్‌ఫినాల్ ఏ. నోరు తిరగని పేరు కాబట్టి అందరూ టీబీబీపీఏ అంటారు, నేనూ అదే అంటాను.

నేను జువాలజీ చెప్పే మనిషిని, నా చేతిలో ఈ బోర్డు ఎందుకని మీకు అనిపించొచ్చు. దీంట్లో ఉన్న రసాయనం కప్ప ఒంట్లోకి పోతే ఏమవుతుందో చెప్పడానికే ఇవాళ వచ్చాను.

ముందు ఒక మాట. మంటలు మనుషుల్ని చంపుతాయి, షార్ట్ సర్క్యూట్‌తో ఇళ్లు తగలబడతాయి, కాబట్టి మంటని ఆపాలనుకోవడంలో తప్పేమీ లేదు. మంటలో ఏం జరుగుతుందంటే హైడ్రోజన్, హైడ్రాక్సిల్ అనే చిన్న చిన్న చురుకైన ముక్కలు పుట్టి, ఒకటి ఇంకోదాన్ని పుట్టిస్తూ గొలుసులా సాగిపోతాయి. వేడికి బ్రోమిన్ బయటికొచ్చి ఆ ముక్కల్ని పట్టేసుకుంటుంది, దాంతో గొలుసు తెగిపోతుంది. తెలివైన ఉపాయమే. 1975లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఒక నియమం పెట్టింది, సోఫాలో వాడే ఫోమ్‌కి 12 సెకన్లు చిన్న మంట తగిలించినా తట్టుకోవాలని. ఆ పరీక్ష పాసవ్వాలంటే ఫోమ్‌లో ఏదో ఒక మంట నిరోధక రసాయనం దండిగా కలపాల్సిందే. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రకం సోఫా చేసే ఓపిక ఏ కంపెనీకి ఉంటుంది? అలా ఒక రాష్ట్రం నియమం ఆ దేశమంతటి సోఫాల్లోకీ పాకింది. అప్పుడు ఎక్కువగా వాడినవి పాలీబ్రోమినేటెడ్ డైఫినైల్ ఈథర్లు, పొట్టిగా పీబీడీఈలు. అంటే ఒక్క పదార్థం కాదు, బ్రోమిన్ అణువులు ఎన్ని ఉన్నాయి, ఎక్కడెక్కడ ఉన్నాయి అన్నదాన్ని బట్టి 209 రకాలు ఉండే కుటుంబం.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, ఈ పీబీడీఈలు ఫోమ్‌కి అతుక్కుని ఉండవు. పిండిలో ఉప్పు కలిపినట్టు కలిపేస్తారు అంతే, రసాయన బంధం ఉండదు. కూర్చున్నప్పుడల్లా, ఫోమ్ పాతబడి పొడిపొడి అవుతున్నప్పుడల్లా కొంచెం కొంచెం బయటికొచ్చి ఇంట్లో దుమ్ములో చేరతాయి. ఆ దుమ్ము బట్టలకి అంటుతుంది, బట్టలు ఉతికిన నీళ్లు కాలువలోకి పోతాయి, మురుగునీటి ప్లాంట్లో ఆ రసాయనం అడుగున చేరే బురదని పట్టుకుంటుంది, చాలా దేశాల్లో ఆ బురదని ఎరువుగా పొలాల్లో చల్లుతారు. నీళ్లలో కరగడం ఇష్టం లేని పదార్థం ఇది, కొవ్వుని చూస్తే వదలదు. బురద మేసే పురుగు, పురుగుని తినే చేప, కప్ప, పక్షి... అలా పైకి పోతుంది. స్వీడన్ వాళ్లు ఏళ్ల తరబడి దాచిన తల్లిపాల నమూనాలు తీసి కొలిచి చూస్తే, 1972 నుంచి 1997 దాకా దాదాపు ఐదేళ్లకోసారి ఈ రసాయనాల మోతాదు రెట్టింపవుతూ వచ్చిందని తేలింది. 1999లో ఆ లెక్కలు బయటికొచ్చాకే లోకం కాస్త ఉలిక్కిపడింది.

ఇప్పుడు బోర్డు మీద రెండు బొమ్మలు గీస్తాను, కెమిస్ట్రీ అని భయపడకండి. మొదటిది థైరాక్సిన్, మన మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోన్. చూడండి, రెండు ఆరుమూలల వలయాలు, మధ్యలో వాటిని కలిపే ఒక ఆక్సిజన్, వలయాల మీద నాలుగు అయోడిన్‌లు. అందుకే దాన్ని టీ4 అంటారు. పక్కన పీబీడీఈ గీస్తున్నాను. రెండు ఆరుమూలల వలయాలు, మధ్యలో ఒక ఆక్సిజన్, వలయాల మీద బ్రోమిన్‌లు. అయోడిన్, బ్రోమిన్ ఆవర్తన పట్టికలో ఒకే నిలువు వరసలో పైనా కిందా ఉండే అన్నదమ్ములు. ఇక టీబీబీపీఏలో మధ్యన ఆక్సిజన్ బదులు కార్బన్ ఉంటుంది గానీ, దాని చివరి వలయం చూడండి, ఒక ఓహెచ్, అంటే ఆక్సిజన్, హైడ్రోజన్ జంట, దానికి అటూ ఇటూ బ్రోమిన్. థైరాక్సిన్ చివరి వలయంలో కూడా ఒక ఓహెచ్, దానికి అటూ ఇటూ అయోడిన్. ఈ బొమ్మ మొదటిసారి పక్కపక్కన గీసుకున్న రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఎవరూ కావాలని చేసింది కాదు, మంటని ఆపడానికి వెతుక్కున్న ఆకారం వెళ్లి వెళ్లి ఒంట్లోని ఒక తాళంచెవి ఆకారానికి దగ్గరగా వచ్చి ఆగింది.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు కదా, మా ఇంట్లో అమ్మ వేసుకుంటుంది. ఆ మాత్రలో ఉండేది ఈ టీ4. కప్ప ఒంట్లో ఉండేదీ అదే. కప్పకి వేరే రకం, మనిషికి వేరే రకం అని ఏమీ లేదు, అణువు అణువూ ఒకటే. అయితే మనలో ఆ హార్మోన్ తగ్గితే నీరసం, ఒళ్లు రావడం, మతిమరుపు లాంటివి వస్తాయి. కప్పకి అది అంతకంటే పెద్ద సంగతి, అది లేకపోతే తోకకప్ప, అంటే నీళ్లలో తోకతో ఈదే కప్ప పిల్ల, ఎప్పటికీ కప్పగా మారదు.

దీన్ని మొదట చూపించింది గుడర్నాచ్ అనే ఆయన, 1912లో. రకరకాల జంతువుల అవయవాల ముక్కలు తోకకప్పలకి తినిపిస్తూ పోయాడు. గుర్రం థైరాయిడ్ తిన్నవి మాత్రం ఎదగకుండానే, ఇంకా చిన్న చిన్నవిగా ఉండగానే కాళ్లొచ్చి బుల్లి కప్పలైపోయాయి. 1914లో కెండాల్ అనే శాస్త్రవేత్త థైరాక్సిన్‌ని విడదీసి చూపించాడు, సరిగ్గా క్రిస్మస్ రోజున. మరో రెండేళ్లకి, 1916లో, బెన్నెట్ అలెన్ అనే ఇంకో శాస్త్రవేత్త దానికి వ్యతిరేక దిశలో చేశాడు, తోకకప్పల్లో థైరాయిడ్ తయారయ్యే భాగాన్ని తీసేశాడు. అవి పెరిగాయి, బాగా పెరిగాయి, కానీ తోకకప్పలుగానే ఉండిపోయాయి. మీరు చదివే పాఠంలో రూపవిక్రియ అని, అంటే తోకకప్ప కప్పగా మారడం గురించి, రెండు పేజీల్లో ఉంటుంది చూడండి, దాని వెనక ఉన్న అసలు పని ఇది.

ఎవరో చెయ్యెత్తారు, అడగమ్మా. తోక ఎక్కడికి పోతుంది అంటున్నావా? మంచి ప్రశ్న, చిన్నపిల్లలే ఈ ప్రశ్న అడుగుతారు, పెద్దయ్యాక ఎందుకో మానేస్తాం. తోక ఊడిపోదు. బల్లి తోకలా కింద పడదు. లోపలికి కరిగిపోతుంది. టీ4లోంచి ఒక అయోడిన్ తీసేస్తే టీ3 వస్తుంది, పని చేసేది ఎక్కువగా అదే. టీ3 తోకలోని కణం లోపలికి పోయి అక్కడ రిసెప్టార్‌ని, అంటే ఆ హార్మోన్ కోసమే ఉన్న తాళం లాంటి ప్రోటీన్‌ని, పట్టుకుంటుంది, కొన్ని జన్యువులు మేల్కొంటాయి, ఆ కణం తనని తాను కూల్చుకోవడం మొదలుపెడుతుంది. అలా కూలిన సరుకంతా వృథా కాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే తోకకప్ప నోరు మారుతోంది, పాచి గీకి తినే నోరు పోయి పురుగుని పట్టే నోరు వస్తోంది, పొడుగాటి చుట్టలా ఉండే పేగు కుదించుకుపోతోంది, మొప్పలు పోతున్నాయి. కొన్ని రోజులు అది ఏమీ తినలేని స్థితిలో ఉంటుంది. అప్పుడు దానికి తిండి తోకే. ప్రయాణంలో కట్టుకున్న చద్దిమూట లాంటిది.

ఇంకో అద్భుతం ఉంది, దాని మీద కాసేపు ఆగుతాను. తోకలో చచ్చిపొమ్మని చెప్పిన ఆ టీ3నే వెనక కాళ్లకి పెరగమని చెబుతుంది. ఒకటే మాట, విన్న కణాన్ని బట్టి అర్థం వేరు. పైగా టైమింగ్. వెనక కాళ్లు కొంచెం హార్మోన్‌కే స్పందిస్తాయి కాబట్టి ముందు వస్తాయి. తోక మొండిది, హార్మోన్ బాగా పెరిగి శిఖరానికి చేరాక గానీ కరగదు. అలా ఎందుకంటే, ఒక్కో అవయవంలోనూ టీ4ని టీ3గా మార్చే ఎంజైమ్ ఒకటి, టీ3ని పనికిరాకుండా చేసే ఎంజైమ్ ఇంకొకటి ఉంటాయి, ఎక్కడ ఎంత పని చేయాలో అవయవం తనకి తానే సర్దుకుంటుంది. ఆలోచించండి, కాళ్లు రాకముందే తోక పోతే? ఈదలేదు, గెంతలేదు. ఊపిరితిత్తులు తయారవకముందే మొప్పలు పోతే? వరస తప్పితే ప్రాణం పోయినట్టే.

ఇప్పుడు ఇంత నాజూకైన చోటికి మన సోఫాలోంచీ సర్క్యూట్ బోర్డులోంచీ వచ్చిన రసాయనం దిగిందనుకోండి. రక్తంలో థైరాయిడ్ హార్మోన్‌ని మోసుకుపోయే ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రోటీన్ ఉంది, దాని మీద హార్మోన్ కూర్చోవాల్సిన సీట్లో ఇది కూర్చుంటుంది. గాజుగొట్టంలో పరీక్షిస్తే టీబీబీపీఏ ఆ సీటుని థైరాక్సిన్ కంటే గట్టిగా పట్టుకుందని 2000లోనే తేలింది. పీబీడీఈలకి కాలేయం ఒక ఓహెచ్ తగిలిస్తుంది, పాపం బయటికి పంపించే ప్రయత్నంలోనే, దాంతో అవి హార్మోన్‌కి ఇంకా దగ్గరి పోలికలోకి వస్తాయి. అయోడిన్ తీసే ఎంజైమ్‌లని అడ్డుకోవడం ఉంది. కాలేయాన్ని రెచ్చగొట్టి అసలు హార్మోన్‌ని తొందరగా ఒంట్లోంచి తోసేసేలా చేయడం ఉంది. రిసెప్టార్ దగ్గర కూడా వేలు పెడతాయి.

తోకకప్పలో చివరికి ఏం కనిపిస్తుంది? జపాన్ శాస్త్రవేత్తలు 2005లో చూపించింది చాలా సూటిగా ఉంటుంది. తోకకప్పకి టీ3 ఇస్తే తోక పొట్టిదవుతుంది కదా, టీబీబీపీఏ కూడా కలిపి ఇస్తే ఆ పొట్టిదవడం తగ్గింది. 2006లో కెనడా వాళ్లు జెనోపస్ లేవిస్ అనే ఆఫ్రికా కప్ప పిల్లలకి తిండిలో పీబీడీఈల మిశ్రమం పెట్టారు, సోఫా ఫోమ్‌లో వాడిన మిశ్రమమే. రూపవిక్రియ ఆలస్యమైంది, తోక కరగడం వెనకబడింది, చర్మం రంగులో కూడా తేడా వచ్చింది. 2010లో అమెరికా వాళ్లు అక్కడి చిరుతకప్ప పిల్లలకి అలాగే తిండి ద్వారా ఎక్కువ కాలం ఇచ్చి చూశారు, బతకడం, పెరగడం, మారడం మూడింటి మీదా దెబ్బ కనిపించింది.

టీబీబీపీఏ గురించి చైనా నుంచి 2014లో వచ్చిన పని నాకు అన్నిటికంటే ముఖ్యం. అది ఒకే తోకకప్పలో రెండు రకాలుగా ప్రవర్తిస్తుందని వాళ్లు చూపించారు. ఒంట్లో హార్మోన్ ఇంకా తక్కువగా ఉన్న తొలి దశలో తానే హార్మోన్‌లా నటించి మార్పుని ముందుకి తోస్తుంది. హార్మోన్ ఎక్కువగా ఉన్న చివరి దశలో అదే రసాయనం అడ్డం పడి మార్పుని వెనక్కి లాగుతుంది. ఇది హార్మోన్‌ని పెంచుతుందా తగ్గిస్తుందా అని అడిగితే, ఏ రోజు అడుగుతున్నావు అని తిరిగి అడగాల్సి వస్తుంది. పెద్ద మోతాదు ఇస్తే పెద్ద చెడు, చిన్న మోతాదు ఇస్తే చిన్న చెడు అని మనం అలవాటుగా అనుకుంటాం కదా, హార్మోన్ల లోకంలో ఆ లెక్క సరిపోదు.

నిజాయితీగా ఇంకో మాట చెప్పాలి. ఈ ప్రయోగాల్లో చాలావాటిలో వాడిన మోతాదులు మామూలు చెరువు నీళ్లలో దొరికే దానికంటే ఎక్కువ. కాబట్టి ప్రతి చెరువులోనూ ఇలాగే జరుగుతోందని నేను చెప్పను, మీరూ బయటికెళ్లి అలా చెప్పకండి. కానీ చెరువులో ఒక్క రసాయనమే ఉండదు, పురుగుమందులు ఉంటాయి, ఎరువుల నైట్రేట్ ఉంటుంది, అన్నీ ఒకే తోకకప్ప ఒంట్లో కలుస్తాయి. అది ప్రయోగశాల తొట్టిలో జరిగేది కాదు.

నా అసలు బాధ ఇప్పుడు చెబుతాను. ఒక రసాయనం విషమా కాదా అని తేల్చడానికి ఎన్నో ఏళ్లు మనం వాడిన పద్ధతి ఏంటి? తొట్టిలో జంతువుల్ని వేసి, రసాయనం కలిపి, ఎన్ని చచ్చాయో లెక్కపెట్టడం. నాలుగు రోజుల్లో సగం చస్తే ఇంత విషం అని రాయడం. ఈ పద్ధతిలో పీబీడీఈల లాంటి మంట నిరోధకాలు మంచి మార్కులతో పాసైపోవచ్చు. తోకకప్ప చావలేదుగా! ఈదుతోంది, తింటోంది, బొద్దుగా కూడా ఉంది. మారలేదు, అంతే. అలెన్ తోకకప్పలు కూడా చావలేదు, గుర్తుందా? 2009లో ఓఈసీడీ అనే దేశాల కూటమి కప్పల రూపవిక్రియ పరీక్షని ప్రామాణికంగా పెట్టింది, 231 నంబరు దానిది. 21 రోజులు, జెనోపస్ తోకకప్పలు, వెనక కాలు పొడవు కొలుస్తారు, ఏ దశకి చేరిందో చూస్తారు, థైరాయిడ్ గ్రంథిని కోసి మైక్రోస్కోప్ కింద పెడతారు. మంచి పరీక్ష. కానీ గుడర్నాచ్ చూపించిన 1912 నుంచి లెక్కేస్తే 97 ఏళ్లు. ఈ మధ్యలో ఎన్ని రసాయనాలు ఆ ప్రశ్న ఎదుర్కోకుండానే బజార్లోకి వచ్చేశాయో.

చావకపోతే నష్టమేంటి, వారం ఆలస్యంగా మారుతుంది అనుకోవచ్చు. వానాకాలంలో మన ఊళ్లలో చూడండి, కప్ప గుడ్లు పెట్టేది పెద్ద చెరువులోనే కాదు, పొలం గట్టు పక్క గుంటలో, రోడ్డు పక్క నిలిచిన నీళ్లలో, ఎద్దు గిట్ట పడిన పల్లంలో కూడా. చేపలుండవు కాబట్టి పిల్లలకి భయం లేదు. కానీ వాన ముఖం చాటేసి నాలుగు రోజులు ఎండ కాస్తే గుంట ఎండిపోతుంది. అప్పటికి కాళ్లు వచ్చినవి గెంతి వెళ్లిపోతాయి. రానివి బురదలో అంటుకుపోయి ఎండిపోతాయి, కాకులు ఏరుకుంటాయి. ఆ గుంట దగ్గర ఒక్క వారం అంటే మొత్తం జీవితం. ఎండిన గుంటని చూసి మనం వాన తక్కువ అనుకుంటాం, గడియారం ఆలస్యంగా నడిచిందని ఎవరికి తెలుస్తుంది?

బయట కప్పల ఒంట్లో ఈ రసాయనాలు నిజంగా ఉన్నాయా అంటే ఉన్నాయి. దక్షిణ చైనాలో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో పాత కంప్యూటర్లు, టీవీలు విప్పి, బోర్డులు కాల్చి లోహాలు తీసే ప్రాంతాలున్నాయి. అలాంటి చోట పట్టిన వరిచేల కప్పల్ని అక్కడి శాస్త్రవేత్తలు కొలిచి 2009లో ప్రచురించారు. కండలో ఉంది, కాలేయంలో ఉంది, తల్లి నుంచి గుడ్లలోకి కూడా దిగింది. అంటే తోకకప్ప నీళ్లలోకి రాకముందే, గుడ్డులోని పచ్చసొనతోనే మొదటి వాటా అందుకుంది. ఆ కప్ప మన మడిలో కనిపించే చిన్న కప్పలకి దగ్గరి చుట్టమే. ఢిల్లీ సీలంపూర్‌లో, మొరాదాబాద్‌లో బోర్డులు విప్పడం, కాల్చడం ఏళ్లుగా జరుగుతున్న పనే. ఆ పొగ ముందుగా పీల్చేది కప్ప కాదు, అక్కడ రోజుకూలీకి కూర్చున్న పిల్లలూ ఆడవాళ్లూ, అది మర్చిపోయి కప్పల గురించి మాట్లాడితే నాకే తప్పుగా అనిపిస్తుంది.

చట్టాల సంగతి త్వరగా చెప్పేస్తాను. త్వరగా పాడవని విష రసాయనాల్ని ఆపడానికి దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందంలో పెంటా అనే సోఫా ఫోమ్ మిశ్రమం, దాంతోపాటు ఆక్టా అనే ఇంకో మిశ్రమం 2009లో చేరాయి, హెచ్‌బీసీడీ అనే ఇంకో బ్రోమిన్ మంట నిరోధకం 2013లో, డెకా అనే బరువైన పీబీడీఈ 2017లో. మన దేశం 2018లో నియమాలు తెచ్చి ఏడు రసాయనాల తయారీ, వాడకం ఆపింది, వాటిలో పెంటా, ఆక్టా రకాలూ హెచ్‌బీసీడీ ఉన్నాయి. కాలిఫోర్నియా 2013లో ఆ 12 సెకన్ల మంట పరీక్షనే మార్చేసి నివురు పరీక్ష, అంటే మంట లేకుండా నెమ్మదిగా రాజుకునే నిప్పుని తట్టుకోవాలన్న పరీక్ష పెట్టింది, ఫోమ్‌లో రసాయనం లేకుండానే బట్ట సరిగ్గా ఎంచుకుంటే పాసవ్వొచ్చు. ముప్పై ఎనిమిదేళ్లు పట్టింది ఆ చిన్న ఆలోచనకి.

ఒకదాన్ని ఆపితే దాని తమ్ముడు వస్తాడు, అది మాత్రం నన్ను కుదురుగా ఉండనివ్వదు. 1977లో బ్లమ్, ఏమ్స్ అనే ఇద్దరు పిల్లల నైట్ డ్రెస్సుల్లో వాడే ట్రిస్ అనే మంట నిరోధకం డీఎన్ఏని దెబ్బతీస్తుందని రాస్తే దాన్ని ఆపారు. దాని బదులు క్లోరిన్ ట్రిస్ వచ్చింది, దాని మీదా అనుమానం వస్తే పిల్లల బట్టల్లోంచి తీసేశారు. పీబీడీఈలు ఆగిపోయాక సోఫా ఫోమ్‌లు పరీక్షించి చూస్తే అదే క్లోరిన్ ట్రిస్ మళ్లీ కనిపించింది. పిల్లల చొక్కాకి పనికిరానిది పిల్లలు పడుకునే సోఫాకి ఎలా పనికొచ్చింది?

అవును బాబూ, అడుగు. మన దగ్గర కప్పలు తగ్గడానికి ఇదే కారణమా అంటున్నావు. కాదు. ప్రపంచంలో ఉభయచరాల్లో దాదాపు 41 శాతం జాతులు ప్రమాదంలో ఉన్నాయని 2023 అంచనా, దానికి పెద్ద కారణాలు నివాసాలు పోవడం, వాతావరణం మారడం, కైట్రిడ్ అనే ఫంగస్ రోగం. గుంట పూడ్చి ప్లాటు వేస్తే ఇక హార్మోన్ గురించి మాట్లాడటానికి కప్పే ఉండదు. నేను చెప్పింది ఆ వరసలో చిన్న కారణమే కావచ్చు. కానీ మిగతావి కంటికి కనిపిస్తాయి, ఇది కనిపించదు, వెతికితే తప్ప.

మనం ఏం చేయొచ్చు అని ఇంకెవరో అడిగారు. కప్పల్ని పట్టొద్దు, సీసాల్లో పెట్టొద్దు, దానికి అనుమతులు కావాలి, అవసరం కూడా లేదు. మన కాలేజీ వెనక కాంపౌండ్ గోడ పక్కన ప్రతి వానాకాలం నీళ్లు నిలుస్తాయి కదా. మొదటి పెద్ద వాన పడిన తేదీ రాయండి. నురుగులానో జిగురు దండల్లానో గుడ్లు కనిపించిన తేదీ. వెనక కాళ్లు మొదట కనిపించిన తేదీ, ముందు కాళ్లు వచ్చిన తేదీ, తోక లేని కప్ప గట్టెక్కిన తేదీ, గుంట ఎండిన తేదీ. రసాయనం కొలిచే మిషన్ మన దగ్గర లేదు, గడియారం చూడటం మాత్రం మన చేతిలో పనే, ఐదారేళ్ల తేదీలు చేతిలో ఉంటే అప్పుడు కొలిచేవాళ్లని వెళ్లి అడగొచ్చు. నోట్‌బుక్ నేను కొన్నాను, జువాలజీ ల్యాబ్‌లో కిటికీ పక్క బల్ల మీద ఉంది. మొదటి పేజీలో పేర్లు రాయండి, వారానికి ఇద్దరు చొప్పున, వాన పడ్డ మర్నాడు పొద్దున్నే ఏడింటికి రావాలి. పాత బోర్డు ముక్క ఎవరి దగ్గరుందో అది వెనక్కి ఇచ్చేయండి, వచ్చే క్లాసులో కావాలి.